షుగరు 'లేదు' అన్న గడి

మా పరిశోధనశాలలో గాజుపాత్రలు కడిగే ఆమెను అందరూ సీసాలక్క అనేవారు. ఇరవై రెండేళ్ళలో ఆమె చేతిలో పగిలినవి మూడే సీసాలు. ఆ మూడింటికీ సంజాయిషీలు నేనే రాసిపెట్టాను. కార్యాలయపు ఉత్తరాలకు చేతిరాతతో శుభ్రప్రతులు తీయడం నా ఉద్యోగం.

ఆమె కడిగిన సీసాలలోనే ఆ మందు తయారైంది. కంటికి ఆనని ఇనుప రేణువులకు చక్కెర పూత పూస్తారు. క్యాన్సర్ కణం ఆ తీపికి ఆశపడి వాటిని మింగుతుంది. అప్పుడు బయటినుంచి అయస్కాంత శక్తిని ప్రయోగిస్తే రేణువులు వేడెక్కి కణాన్ని లోపలినుంచే చంపుతాయి. సీసా అడుగున మిగిలిన గోధుమరంగు మడ్డిని ఆమె అయస్కాంతపు ముక్కతో పక్కకు లాగేది. "పిలిస్తే పలుకుతాయి. మా ఆయనకన్నా నయం," అనేది.

ఆమెకే రొమ్ములో గడ్డ తేలింది. రెండుసార్లు వైద్యం చేయించుకున్నా తిరగబెట్టింది. ఆ ఏడాదే ఆ మందును మొదటిసారి పన్నెండుమంది రోగులకు ఇచ్చి చూడాలని నిర్ణయించారు. ఆమె దరఖాస్తు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది.

"బాబాయ్, షుగరుందా అని అడిగారు ఇందులో."

"ఉంటే ఉందని రాయాలమ్మా."

"మందుకు పూసేదే చక్కెర. షుగరున్నదానికి ఇస్తారా ఎవరైనా?"

"కాగితంలో లేని మాట నేను చెప్పకూడదు. డాక్టరుగారిని అడుగు."

"మీకు తుమ్మొచ్చినా పైనుంచి ఉత్తర్వు రావాలి," అని నవ్వి వెళ్ళింది.

ఆమె ఎవరినీ అడగలేదు. దరఖాస్తుకు నమోదు సంఖ్య వేస్తుండగా 'లేదు' అన్న గడిలో టిక్కు నా కంటబడింది. ఎనిమిదేళ్ళుగా ఆమె చప్పటి టీ తాగడం నేను చూస్తున్నదే. ఇతరులు రాసినదానిని ప్రశ్నించే అధికారం నాకు లేదనుకుని ముద్ర వేశాను.

రక్తపరీక్షలో నిజం తేలింది. ఆమె పేరు కొట్టివేశారు. షుగరు ఉన్నందుకు కాదు. ఆ పూతలోని చక్కెర చీమకు కూడా చాలదు. జబ్బు దాచినవారిని చేర్చుకోరాదని నిబంధన. "తప్పుడు సమాచారం ఇచ్చినందున" అన్న ఆ ఉత్తరానికీ శుభ్రప్రతి నేనే తీశాను.

ఆమె నిలబడే చదువుకుంది.

"ఉందని రాసినా ఇచ్చేవాళ్ళేనా, బాబాయ్?"

"ఇచ్చేవాళ్ళేనమ్మా."

ఆ కాగితాన్ని మడతపెట్టింది. "అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి," అంది.

అయిదో నెలలో ఆమె పోయింది. మందు బతికించేదని నేను అనలేను. తీసుకున్న పన్నెండుమందిలో నలుగురికే గడ్డ తగ్గింది.

రెండో విడత దరఖాస్తుకు ప్రతి తీసేటప్పుడు ఆ ప్రశ్న కింద "షుగరు ఉన్నవారూ అర్హులే" అని ఒక వాక్యం చేర్చాను. ఎవరి ఉత్తర్వు మేరకు చేర్చారని పైవారు సంజాయిషీ అడిగారు. ఎవరి ఉత్తర్వూ లేదని రాసి, సంతకం చేసి ఇచ్చాను.