బీవర్ల కట్టకు తూము

అమెరికాలోని నోవైకి రాకముందు నేను నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా ఆరేళ్లు పనిచేశాను. ఎండాకాలం కాలువల్లో పూడికతీత, గట్లకు మరమ్మతులు, వానాకాలం చెరువు కట్టల మీద కాపలా. పెళ్లయ్యాక ఆయన వెంట డిపెండెంట్ వీసా మీద మిషిగన్ వచ్చాను. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఆయన ఆఫీసుకు వెళ్లిపోయాక నాకు మిగిలేది మా టౌన్‌హోముల వెనకున్న వాగు, దాని పక్కన నడకదారి. వాగు పెద్దదేం కాదు. లోతుగా కోసుకుపోయిన గట్ల మధ్య సన్నగా పారేది. వాన పడితే ఒక్క పూట బురదగా ఉరికి, మర్నాటికి మళ్లీ రాళ్లు తేలేది. ఆగస్టుకల్లా ఎండిపోయేది.

రెండువేల తొమ్మిదిలో, మంచు కరిగాక, ఒకరోజు నడకదారి మీద చీలమండ లోతు నీళ్లు కనిపించాయి. కొంచెం దిగువన వాగుకు అడ్డంగా కొమ్మలూ మట్టీ కలిపి కట్టిన కట్ట ఉంది. ఆ సాయంత్రమే దాన్ని కట్టిన జంతువును, బీవర్‌ను, మొదటిసారి చూశాను. ఓ మోస్తరు కుక్కంత ఒళ్లు, పందికొక్కు మొహం, అట్లకాడలాంటి తోక. నోట్లో కొమ్మ పట్టుకుని ఈదుతూ పోయింది.

మర్నాడు మా టౌన్‌హోముల కమిటీ ప్రెసిడెంటు కట్ట దగ్గరికి వచ్చాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. మాటల్లో నా పాత ఉద్యోగం సంగతి చెప్పాను.

"అయితే ఎక్కడ తవ్వితే ఇది తేలిగ్గా తెగుతుందో మీకు తెలుసుంటుంది" అన్నాడు.

ఇక్కడికొచ్చిన రెండేళ్లలో నా పని గురించి నన్ను అడిగిన మొదటి మనిషి అతనే. ఆ సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు. కట్ట మధ్యలో, ఎడమవైపుకు, మట్టి పలచగా ఉన్న చోటు చూపించాను.

ఇద్దరు పనివాళ్లు పెద్ద పెద్ద ఇనుప కొక్కేలతో అక్కడే లాగారు. గంటలో నీళ్లన్నీ పోయాయి. దిగువన గట్టు విరిగి, ఓ మేపుల్ చెట్టు వాగులోకి ఒరిగింది. ఖాళీ అయిన మడుగులో చిన్న చేపలు బురదలో కొట్టుకుంటున్నాయి. మా వరసలోనే చివరి ఇంట్లో ఉండే పెద్దావిడ, ఒకప్పటి బయాలజీ టీచరు, రెండు బకెట్లతో వచ్చింది. చేపల్ని ఏరి ఒక బకెట్లో వేస్తూ అడిగింది.

"ఆ చోటు వాళ్లకెవరు చూపించారు?"

"నేనే."

ఆవిడ రెండో బకెట్ నా చేతికిచ్చింది. చీకటి పడేదాకా ఇద్దరం మోకాళ్ల లోతు బురదలో చేపలు ఏరి, దిగువన నీళ్లున్న గుంటలో వదిలాం.

మూడో రోజు పొద్దున వెళ్లి చూస్తే కట్ట మళ్లీ లేచి ఉంది. నేను చూపించిన చోట మిగతా కట్టకంటే మందంగా ఉంది. అప్పుడు కూర్చుని సరిగ్గా చూశాను. అడుగున రాళ్లు, వాటి మీద కొమ్మలు, ఎగువ ముఖానికి అదిమి మెత్తిన మట్టి. నీళ్లు ఒక్కచోట దూకకుండా కట్ట పొడవునా సన్నగా ఊరి దిగుతున్నాయి. ఎగువన మడ్డిగా ఉన్న నీరు దిగువకు తేటగా వస్తోంది. మా శాఖలో ఇంత గండి పూడ్చాలంటే ఇసుక బస్తాలు, ట్రాక్టరు, పాతికమంది కూలీలు కావాలి. నాకు సిగ్గేసింది.

ఈసారి కమిటీ బీవర్లను పట్టేవాణ్ణి పిలవాలనుకుంది. పట్టడమంటే చంపడమే. టీచరు మా ఇంటికొచ్చింది.

"నీళ్లు ఎంత తగ్గితే దారి మునగదు?" అని అడిగింది.

"ఒక అడుగు చాలు. కానీ తగ్గిస్తే అవి మళ్లీ కడతాయిగా."

"నీళ్లు పారే చప్పుడు విని కడతాయి. చప్పుడు లేకుండా పంపగలిగితే?"

"అయితే తూము వేయాలి" అన్నాను తెలుగులోనే. తర్వాత కాగితం మీద గీసి చూపించాను. అలాంటి గొట్టాల గురించి ఆవిడ ఒక పుస్తకంలో చదివిందట. కొలతలు మాత్రం తెలియవంది.

కమిటీ మీటింగ్‌కి వెళ్తానంటే ఆయన భయపడ్డారు. "మనం వీసా మీద ఉన్నాం. అక్కడికెళ్లి ఆర్గ్యూ చేయడం అవసరమా?"

"ఆర్గ్యూ చేయనండీ. నీళ్ల లెవెల్స్ చెప్పి వచ్చేస్తా."

ఆయన చెయ్యి చాపి, "డ్రాయింగ్ ఇవ్వు, ఆఫీస్‌లో ప్రింట్ చేసి తెస్తా" అన్నారు.

మీటింగ్‌లో నా ఇంగ్లీషు రెండుసార్లు తడబడింది. అంతా విని ప్రెసిడెంటు అడిగాడు: "ఇది పనిచేయకపోతే?"

"మీ ఇష్టప్రకారం చేయండి. తవ్వే చోటు మాత్రం ఇంకోసారి చూపించను."

ఎవరో నవ్వారు. ఎండాకాలం చివరిదాకా గడువిచ్చారు.

అనుమతి కాగితాలు వచ్చాక కట్టలోంచి ఒక లావుపాటి ప్లాస్టిక్ గొట్టం వేయించాం. ఎగువ మూతి కట్టకు దూరంగా, నీళ్లడుగున, ఇనుప వల పంజరంలో ఉంచాం. అక్కడ నీరు లోపలికి పోయే చప్పుడు బీవర్లకు వినపడదు. నీటిమట్టం అడుగు తగ్గి నిలిచేలా గొట్టం అమర్చడానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో నేనే మట్టం చూశాను. టీచరు ఒక కొస పట్టుకుంది. బీవర్లు కొరకకుండా పెద్ద చెట్ల మొదళ్లకు వల చుట్టాం. బీవర్లు రెండు రోజులు గొట్టం చుట్టూ మట్టి మెత్తి, తర్వాత దాన్ని కట్టలో కలిపేసుకున్నాయి. దారి ఆరింది. మడుగు నిలిచింది.

ఆ ఏడే కప్పలు మొదలయ్యాయి. మరుసటేడు తూనీగలు, వాటి వెనక పిట్టలు, ఒడ్డున ఒంటికాలి మీద కొంగ. బీవర్లు కొరికేసిన విల్లో చెట్ల మొదళ్ల నుంచి గుబురుగా చిగుళ్లు లేచాయి. వానల్లేని ఒక వేసవిలో అందరి లాన్లూ గోధుమరంగుకు తిరిగాయి. కట్ట దిగువన వాగు మాత్రం ఆగలేదు. మడుగు నీరు గట్లలోకి ఇంకి, మెల్లగా మళ్లీ వాగులోకి ఊరుతోంది. చెరువు నిండితే ఆయకట్టు బావుల్లో ఊట పెరగడం ఎరిగినదాన్నే, ఇక్కడ మాత్రం ఊహించలేకపోయాను. ఆ సాయంత్రాల్లో ప్రెసిడెంటు మడత కుర్చీ తెచ్చుకుని ఒడ్డున కూర్చునేవాడు. ఓసారి నన్ను చూసి, "నిన్న పిల్లలు బయటికొచ్చాయి, మూడు" అన్నాడు.

ఐదేళ్లకు దగ్గర్లోని మెత్తటి చెట్లన్నీ అయిపోయాయి. బీవర్లు ఎగువకు వెళ్లిపోయాయి. మరమ్మతు చేసేవాళ్లు లేక, ఓ వసంతంలో కట్ట దానంతటదే తెగింది. నల్లటి మడ్డి బయటపడింది. మా శాఖలో ప్రతి వేసవీ పూడిక తీయడానికే సరిపోయేది. పూడిక పేరు చెబితేనే మాకు విసుగు. ఇక్కడ ఆ పూడిక మీదే జూలైకల్లా నడుమెత్తు గడ్డి లేచింది. వాగు అడుగుభాగం పైకొచ్చి, ఆ పచ్చిక మధ్య వంకర్లు తిరుగుతూ పారింది. వాన పడితే నీరు ఉరకడం మానేసి పక్కలకు పరుచుకుంటోంది.

టీచరుకు అప్పటికే చేతికర్ర వచ్చింది. మోచెయ్యి పట్టుకుని ఆవిడను పచ్చిక అంచుదాకా తీసుకెళ్లాను. తెలిసిన మొక్కలన్నీ ఒక్కొక్కటే పేరు పెట్టి చూపిస్తూ, ఊదారంగు పువ్వున్న ఒకదాని దగ్గర ఆగింది.

"ఇదేమిటో నీకు తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు" అంది తృప్తిగా. దాన్ని తెంపకుండా వంగి, చాలాసేపు చూసింది.