పెనుకొండలో కొన్న క్లారినెట్

హిందూపురంలో మా అయ్యవారు పోయారు. నాకు క్లారినెట్ నేర్పిన మనిషి. మా మేళంలో డోలు వాయించే అతను ప్యాసింజరు దిగి నేరుగా మా ఇంటికొచ్చి, "అయ్యవారు పోయినాడప్పా. మట్టి చేసేది గూడా అయిపోయింది" అన్నాడు. "అన్నం తిన్యావా?" అని అడిగాను నేను. ఇప్పటికీ ఏడుపు రావడం లేదు. లోపలంతా తిమ్మిరెక్కినట్టు ఉంది.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. బ్యాండు మేళంలో చేరతానని మొండికేస్తే నాయన ఒక్కసారికి ఒప్పుకున్నాడు. "పాతదైనా బాగుండే క్లారినెట్ తెచ్చుకో. పనికిమాలింది తెచ్చినావంటే మల్లా మగ్గం గుంతలోకి దిగాల్సిందే" అన్నాడు. అయ్యవారిని వెంటబెట్టుకుని వెతకబోయాను.

హిందూపురం అంగడిలో తళతళలాడే క్లారినెట్ చూడగానే నా మనసు పడిపోయింది. అయ్యవారు దాని మూతి తీసి, రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, కింది కొస మోకాలికి ఆనించి, పైనుంచి గాలి పీల్చారు. ఎక్కడినుంచో గాలి దూరుతూనే ఉంది. "నేసేవాని కొడుకువి, మడత ఇప్పకుండానే చీర కొంటావేమబ్బా?" అన్నారు.

పెనుకొండలో ఒక వాయిద్యగాడు పోయాడని, ఆయన క్లారినెట్ ఇంట్లోనే ఉందని తెలిసి అక్కడికి వెళ్లాం. రంగు వెలిసిపోయి ఉంది. అయ్యవారు కర్రకు పగుళ్లున్నాయేమోనని ఎండలో తిప్పి తిప్పి చూశారు. మీటలు నొక్కి, వాటి కింది తోలు మెత్తలు సరిగా కూర్చుంటున్నాయా అని చెవి పెట్టి విన్నారు. గాలి పీలిస్తే ఎక్కడా దూరక, గొట్టం పెదవిని పట్టుకుని వదల్లేదు. గొట్టం ముక్కలు కలిసే అతుకు దగ్గర బిగువు కోసం చుట్టిన బెండు మాత్రం ఊడిపోయింది. "మీ ఇంట్లో పట్టుదారం ఉండాది కదా, మైనం రాసి చుట్టుకో" అన్నారు.

పోయిన వాయిద్యగాడి భార్య మాత్రం క్లారినెట్ పెట్టె మీద చెయ్యి తీయలేదు. "ఊదేవానికైతేనే ఇస్తా. గోడకు తగిలిచ్చేవానికి ఇయ్యను. ఏదీ, ఊదమను" అంది.

నాకు ఊదడమే రాదు. అయ్యవారి వైపు దీనంగా చూశాను. ఆయన ఒక్క కీర్తన వినిపిస్తే పని అయిపోయేది. ఆయనేమో క్లారినెట్ నా చేతిలో పెట్టారు. "వాయించుకునేది వీడమ్మా. వీడే ఊదాల."

ఊదాను. మేకపిల్ల గొంతు నొక్కినట్టు ఒక కీచు వచ్చింది. ఇక మగ్గమే గతి అనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "మా ఆయప్ప గూడా మొదట్లో ఇట్లే అరిపిచ్చేవాడు. తీసుకపోప్పా" అంది.

ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎంత తడబడ్డా అయ్యవారు నా బదులు ఊది కాపాడింది లేదు. పక్కన నిలబడేవారు, అంతే. ఆ మేలు ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకు చెబుతున్నాను. ఇదంతా రాస్తున్నా కళ్లు తడవడం లేదు.

ఆ రోజు ఆమెకు డబ్బులిచ్చి వీధిలోకి వచ్చాక క్లారినెట్‌ను పెట్టెలో పెట్టబోతే అయ్యవారు ఆపారు. ఆమె ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంది. "లోపల పెట్టొద్దు. ఆయమ్మకు ఇనపడేంత దూరం ఊదుకుంటా పో" అన్నారు. కీచుమనిపిస్తూ నడిచాను. అంగళ్లలో జనం నవ్వారు. అయ్యవారు ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని, పెళ్లి ఊరేగింపు ముందు నడుస్తున్నట్టు, తల ఎత్తుకుని నా పక్కనే నడిచారు.