నడక రాని కారు

అరవైల చివర్లో, మా బావ పెళ్ళినాటికి, నా దగ్గర ఒక ఇటలీ కారు ఉండేది. జమీందారుగారబ్బాయొకాయన కలకత్తాలో ఉండగా సరదాపడి తెప్పించుకుని, సరదా తీరాక అమ్మేస్తే నేను కొన్నాను. విజయనగరంలో గోగునార వ్యాపారం చేసుకునేవాడికి ఆ కారెందుకురా అని మా నాన్న అడిగాడు. రెండే సీట్లు, నడుమెత్తు కూడా ఉండదు, ఇంజను ముందు కాకుండా సరిగ్గా సీట్ల వెనకాలే. అది వీధిలోకి వస్తే రిక్షావాళ్ళు ఆగి చూసేవారు. ఆ చూపుల కోసమే కొన్నానని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

తాళాలిచ్చేటప్పుడు వాళ్ళ ముసలి డ్రైవరు నన్ను పక్కకి పిలిచాడు. "బాబూ, ఇది పరిగెట్టే బండి. నడిపించకండి, ఉడికీపోతాది" అన్నాడు. నేను నవ్వాను. వారం తిరక్కుండానే, బజార్లో ఎడ్లబండి వెనకాల పది నిమిషాలు పాకేసరికి పొగలు కక్కి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయిందని చుట్టూ చేరినవాళ్ళకి అబద్ధం చెప్పి, తోయించుకుంటూ ఇంటికి చేరాను. అంటే నాకు ముందే తెలుసు. ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి.

బావ మా మేనమామ కొడుకు. వాళ్ళకి శృంగవరపుకోటలో కిరాణా కొట్టు. పెళ్ళి ఆడపిల్లవారి ఊళ్ళో జరిగింది, మర్నాడు పొద్దున్న కొత్త కోడల్ని బజారంతా ఊరేగించి ఇంట్లోకి తీసుకురావాలి. అందుకు అద్దె కారు మాట్లాడామని అత్త అంటే నేనే ఎగబడ్డాను.

"మన ఇటలీ బండి ఉండగా అద్దె కారేటత్తా? నలుగురూ నవ్వరా?"

బావకి జీపు తోలడం వచ్చు కాబట్టి అతనే తోలాడు. నేను పక్కన నడిచాను. ముందు సన్నాయి మేళం, దాని వెనక అడుగులో అడుగు వేసుకుంటూ నా కారు. పెళ్ళికూతుర్ని చూడాలంటే జనం నడుం వంచాల్సి వచ్చింది. ఆ పిల్ల సీటుకి ఆనుకోకుండా ముందుకి ఒంగి, తల దించుకుని కూర్చుంది. "ఎంత అణకువో సూడండే" అని ఒక ముసలమ్మ మెచ్చుకుంది. నేను మాత్రం కారుని ఎవరెవరు చూస్తున్నారా అని చూసుకుంటున్నాను.

ఇల్లు ఇంకో ఇరవై గజాలుందనగా వెనక నుంచి బుస్సుమని పొగ లేచింది. కారు ఆగింది. సన్నాయీ ఆగింది. హారతి పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ అత్త ముఖం మాడిపోయింది.

"ఏటి కాలే తల్లీ ఇది! గుమ్మం తొక్కకముందే బండి ఆపీసింది!"

ఈ బండికి నడక రాదత్తా, నాకు ముందే తెలుసు. ఇంత మాట అంటే సరిపోయేది. "ఇన్నాళ్ళూ ఎప్పుడూ ఇలా ఆగలేదే" అన్నాను. సిగ్గులేని నోరు! పెళ్ళికూతురు దిగి, మిగతా దూరం నడిచింది.

అత్త అన్న ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. మావయ్య కొట్టుకి బయలుదేరే వేళకి కోడలు ఎదురు రాకూడదని అత్త కట్టడి చేసింది. బావ తల్లికి ఎదురు చెప్పే రకం కాదు. ఒకనాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళితే, మావయ్య వీధి మలుపు తిరిగేదాకా ఆ పిల్ల పెరట్లో నూతి చాటున నిలబడి ఉంది. అయినా నోరు విప్పలేదు. అత్త కారు ఊసెత్తినప్పుడల్లా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి.

మరుసటేడు కారు అమ్మేసి, ఇప్పుడైనా అత్తకి నిజం చెప్పేద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. బావ భార్య, వరసకి నాకు చెల్లెమ్మ, మజ్జిగ ఇచ్చింది. కారు అమ్మేశానన్నాను.

"మంచి పని సేసారన్నయ్యా" అని గొంతు తగ్గించింది. "ఆ రోజు నా ఎనకాల పొయ్యి ఎట్టినట్టే ఉన్నాది. ఈపు ఆనిస్తే సుర్రుమంటన్నాది. ఆపమందామనుకున్నాను. ఊరందరి ముందూ మీ బండికి మాటొస్తాదని ఊరుకున్నాను. మీకేటి తెలుసు పాపం, మీరు బయట నడుస్తన్నారు."

అత్త వంటింట్లోనే ఉంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నాలుగడుగులు వేస్తే చాలు. నేను మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, వస్తానమ్మా అని లేచి వచ్చేశాను.

అత్త కన్ను మూసేదాకా ఆ కోడలి కాలు మంచిది కాదనే నమ్మింది.