జొన్నబెండు గిరక

నా చిన్నప్పుడు ఒక సాయంత్రం చెరువు కట్ట మీద నేను ఒక మాట చెప్పాల్సింది. చెప్పలేదు. దానివల్ల మా తాతయ్య పక్కింటి అక్కకు ఒక పేరు పడింది. ఆ పేరు ముసలితనం దాకా ఆమెను వదలలేదు.

మాది మైలార్‌దేవ్‌పల్లి. సెలవులు రాగానే శంషాబాద్ అవతల తాతయ్య ఊరికి వెళ్లేవాణ్ని. ఊరికి ఒక చెరువు, దాని కింద వరి మళ్లు. ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే ఒక్కో ఇంటికి ఒక్కో రోజు వంతు. కాలువ గట్టుకు ప్రతి పొలం దగ్గరా మట్టితో మూసిన గండి ఉండేది. దాన్ని మడవ అనేవాళ్లు. వంతు వచ్చినవాళ్లే తమ మడవ తెంపుకోవాలి. ఆ వంతులు చెప్పేది మా తాతయ్యే.

పక్కింటి అక్కది కాలువ పక్కనే చిన్న మడి. తల్లీకూతుళ్లిద్దరే సాగు చేసుకునేవాళ్లు. అంత పనిలోనూ నాకోసం తీరిక చేసుకునేది. ఆ ఏడు జొన్న దంటు ఒలిచి, లోపలి బెండుకు ఈనెలు గుచ్చి, నీళ్లలో తిరిగే గిరక చేయడం నేర్పింది.

"పారే నీళ్లుంటెనే తిరుగుతది తమ్మీ. నిలువ నీళ్లల్ల పెడితె నీలెక్కనే పండుకుంటది" అని నవ్వింది.

మరునాడు కాలువలో నీళ్లు నీరసంగా పోతున్నాయి. గిరక కదల్లేదు. అక్క మడి పల్లంలో ఉంది కదా, అటైతే జోరుగా దుముకుతాయని ఆమె మడవను చేతులతో తోడేశాను. గిరక గిర్రున తిరిగింది. ఆ సంబరంలో ఉండగానే అమ్మమ్మ అన్నానికి పిలిచింది. వెళ్లి, తిని, నిద్రపోయాను.

సాయంత్రానికి అక్క మడి నిండుగా ఉంది. ఆ రోజు వంతున్నవాళ్ల పొలానికి చుక్క చేరలేదు. ఊరంతా కట్ట మీద చేరింది.

"మా వంతు నీళ్లు తెంపుకుంటవా? ఏం, మాది పంట గాదా?" అని ఆ ఇంటాయన గదిమాడు.

అక్క చేతిలో, మడవ దగ్గర దొరికిన నా గిరక ఉంది. నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నేను మాట్లాడతానని ఎదురుచూసింది. నేను తాతయ్య వెనక్కి జరిగాను. వంతులు చెప్పే మనిషి మనుమడే వంతు చెడగొట్టాడంటే ఇక తాతయ్య మాట ఎవరూ వినరని ఆమెకు తెలుసు. గిరకను కొంగులో చుట్టుకుని, "ఔ, నేనే తెంపిన" అంది.

తాతయ్య ఆమె తర్వాతి వంతు తీసేశాడు. అప్పుడే కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఆ మడిలో సగం తాలే మిగిలింది.

మరునాడు గిరక నా చేతిలో పెడుతూ, "నీళ్లు పల్లం జూసుకోని పోతయి తమ్మీ. మనిషి గూడ గట్లనే పోతె ఎట్ల?" అంది. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. నలుగురిలో నోరు విప్పాల్సి వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆ మాటే ముందు వినబడుతుంది.

తాతయ్య పోయాక ఆ ఊరికి వెళ్లే పని పడలేదని అందరికీ చెప్పేవాణ్ని. అది అబద్ధం. వెళ్లడానికి మొహం చెల్లలేదు.

విమానాశ్రయం తెరిచిన నాలుగేళ్లకు, నాతో పనిచేసే ఒకాయన ఆ చెరువు పక్క కాలనీలో ఇల్లు కట్టుకుని పిలిస్తే వెళ్లాను. మళ్లన్నీ ఇళ్లయ్యాయి. కట్ట మీద నడవడానికి బాట, సిమెంటు బెంచీలు. కాలువ పారిన చోట నున్నటి వీధి. ఎంత ప్రశాంతంగా ఉందో చూడమని మావాడు మురిసిపోయాడు. నాకు మాత్రం ఆ కాలువ చప్పుడు ఒక్కసారి వినాలనిపించింది. మీదుగా ఒక విమానం దిగుతూ పోయింది. మళ్లీ అదే నిశ్శబ్దం.

బెంచీ మీద పాత ఊరివాళ్లు కూర్చున్నారు. అక్క గురించి అడిగాను.

"ఎవరు, నీళ్లదొంగనా? గా సందులనే ఉంటది. పైలం సారూ, మీ సీసల నీళ్లు జర దాసుకోన్రి" అన్నాడొకాయన. మిగతావాళ్లు నవ్వారు.

సందులోకి వెళ్లాను. జుట్టంతా తెల్లబడినా నన్ను చూడగానే పోల్చుకుంది. కట్ట దాకా రమ్మన్నాను.

"ఏందిరా, మోకాళ్లు నొస్తున్నయి. ఇంట్లనే కూసోని మాట్లాడుకుందాం రా."

"ఇంట్ల కాదక్కా. ఆడనే చెప్పాలె."

నా భుజం పట్టుకుని మెల్లగా వచ్చింది. బెంచీ ముందు ఆగాను. ఈసారి ఎవరి వెనక్కీ జరగలేదు.

"అక్కా, ఆ దినం నీ మడవ తెంపింది నేను. గిరక కోసం తెంపిన. నువ్వు నా దిక్కు చూసినప్పుడు నోరు తెరువలే. వీళ్లందరి ముందట అడుగుతున్న, నన్ను మాఫ్ చెయ్యి."