ముందు నమ్మనివాడికి చూపించు

మా అమ్మాయికి ఒంగోల్లో ఉద్యోగం వచ్చిందని తెలిసిన పొద్దున, కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న ఆడవాళ్ళకి లడ్డూలు పంచుతున్నాను. ముందు సారుకి ఫోను చేద్దామనుకుని, సరే, పంచడం అయ్యాక తీరిగ్గా మాట్లాడదామని ఆగాను. అంతలో ఫోనులో మెసేజి వచ్చింది, వెబ్ సారు పోయారని.

నేను నమ్మలేదు. ఫోనులో వచ్చిందల్లా నిజమనుకోవద్దని, పంపినవాడికి ఎవరు చెప్పారో కనుక్కోమని నాకు నేర్పింది ఆ సారే. అందుకని పంపినతన్ని అడిగాను. అతనికి ఇంకెవరో పంపారట. అయితే అబద్ధమేనని మళ్ళీ లడ్డూల గిన్నె చేతిలోకి తీసుకున్నాను. మనసు నిలవలేదు. సారు నంబరుకే చేశాను. వాళ్ళావిడ ఎత్తారు. "నిజమే బాబాయి గారూ. పొద్దున లేచి కాఫీ తాగారు, గుండె పట్టుకుని కూర్చున్నారు, అంతే" అన్నారు. గిన్నె పట్టా మీద పెట్టి నేనూ అక్కడే కూలబడ్డాను.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. రాయడం చేతకాదు, మొదలుపెడితే ఆగడం అంతకన్నా చేతకాదు. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి. ఆయన మా అమ్మాయికి డిగ్రీలో వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పిన మాస్టారు. పిల్లలు వెబ్ సారు అనేవాళ్ళు, నాకూ అదే అలవాటైంది.

మాది అద్దంకి పక్క పల్లె. మిరప, పత్తి వేస్తాం. మా వైపు ఎవరూ ఎవర్నీ ఊరికే నమ్మరు. మిరపకాయల గోతాన్ని మేం టిక్కీ అంటాం. మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ మూతి దగ్గరున్న కాయని చూడనే చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి లాగుతాడు. వెలుగులోకి పట్టుకుపోయి తిప్పి చూస్తాడు, విరిచి వాసన చూస్తాడు. మేమూ అంతే. విత్తనాల కొట్టువాణ్ణీ నమ్మం, ఆకాశాన్నీ నమ్మం.

అలాంటివాడి దగ్గరికి కూతురొచ్చి వెబ్ పేజీలు నేర్చుకుంటున్నానంటే ఏం అర్థమవుతుంది? అది చేతికి తగలదు, తూకానికి రాదు. అమ్మాయి మాకు పెద్ద వయసులో, ఇక పిల్లలు పుట్టరనుకున్నాక పుట్టిన పిల్ల. టీ బంకు దగ్గర మా పక్కపొలం ఆయన ఒకటే పోరు. "ఏంది బావా, పొద్దస్తమానం ఆ ఫోనేంది పిల్లకి? అదీ ఒక చదువంటయ్యా? ఏదో ఉంది, కనుక్కో" అన్నాడు. ఏదో ఉంది అన్న మాట మా ఊళ్ళో పడిందంటే పత్తికుప్పలో నిప్పు పడ్డట్టే. ఆ కోర్సు మాన్పించి, టీచరు ఉద్యోగం వచ్చే చదువులో వేద్దామని ఖాయం చేసుకుని, ఎవరికీ చెప్పకుండా కాలేజీకి బస్సెక్కాను. చెప్పి వెళితే మేలుకాయ పైన పరిచి చూపిస్తారు కదా.

సారు బక్కపలచటి మనిషి. చొక్కా జేబులో అద్దం పగిలిన పాత ఫోను ఒకటుంది. నేను ఫలానా అమ్మాయి తండ్రినని చెప్పగానే నా మొహంలోకి చూసి, "మీకు ఈ చదువు మీద నమ్మకం లేదు కదా బాబాయి గారూ?" అన్నారు.

"లేదు సారూ. ఉన్నమాట చెబుతున్నా."

"హమ్మయ్య. మీలాంటాయన కోసమే చూస్తున్నా. రండి."

ఇదేదో ఎత్తు అనుకున్నాను. మాటల్లో దించడానికి మెచ్చుకుంటున్నాడని, చేతులు కట్టుకునే వెంట నడిచాను. ఆయన మా అమ్మాయిని పిలిచి, అమ్మాయి చేసిన పేజీని ఆ పగిలిన ఫోనులో తెరిపించి, నన్ను ఎండలోకి తీసుకెళ్ళారు. గదిలో పెద్ద తెర మీద అన్నీ బాగానే ఉంటాయి, చూసేవాడు గదిలో ఉండడు కదా అన్నారు. ఆ మనిషి ఫోను పట్టుకుని వెలుగులోకి నడుస్తుంటే, యార్డులో కాయ పట్టుకుని నడిచేవాడే గుర్తొచ్చాడు. కట్టుకున్న చేతులు వాటంతటవే వదులయ్యాయి.

పేజీ మా మిరపకాయల గురించి. ఎర్రటి రంగు మీద ఇంకా ఎర్రటి అక్షరాలు. ఎండలో ఒక్క ముక్క కనపడలేదు. కింద కాయల రాశి ఫోటో ఉంది.

"ఇది మా కల్లం కాదే" అన్నాను.

అమ్మాయి తలొంచుకుంది. మాది నీలం పట్టా, మూలన మేక కొరికిన చిరుగు. ఫోటోలో సిమెంటు గచ్చుంది. మా కాయ కన్నా అందంగా ఉందని ఎక్కడిదో తెచ్చి పెట్టింది. సారు కోప్పడలేదు. "నమ్మేవాళ్ళకి చూపిస్తే బాగుందంటారమ్మా, నువ్వక్కడే ఆగిపోతావు. ముందు నమ్మనివాడికి చూపించు" అన్నారు.

ఆ కింద ఒక గడి, పక్కన మీట ఉన్నాయి. గడిలో నా ఫోను నంబరు రాసి మీట నొక్కమన్నారు.

"ఇది ఎక్కడికి పోద్ది? చెప్తేగానీ నొక్కను" అన్నాను.

సారు మా అమ్మాయి వంక తిరిగారు. "చెప్పమ్మా, ఎక్కడికి పోద్ది?"

అది ఎక్కడికీ పోదట. మీట పెట్టింది గానీ దాని వెనక ఏమీ లేదట, పాఠం ఇంకా అక్కడి దాకా రాలేదట. అయితే పాఠం వచ్చేదాకా మీట తీసెయ్యమన్నారు సారు. పెద్దాయన చేత ఊరికే నంబరు రాయించకూడదన్నారు. మాన్పిద్దామని వచ్చినవాణ్ణే, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని అడిగి ఇంటికొచ్చాను.

అప్పట్నుంచీ పిల్లలెవరు పేజీ పూర్తిచేసినా నాకు సారు దగ్గర్నుంచి ఫోను వచ్చేది. "బాబాయి గారూ, కాస్త అనుమానపడాలి, ఖాళీయేనా?" అనేవారు. ఆ మాటకి నాకెంత గర్వమో చెప్పలేను. నా జన్మలో నా అనుమానాన్ని అడిగి పుచ్చుకున్నవాడు ఆయనొక్కడే. నేను పడ్డ అనుమానాలన్నీ సరైనవేం కావు. పెళ్ళికార్డులు అచ్చువేసే కొట్టు పేజీ చూసి, ఈ పెళ్ళికూతురు నిజంగా ఉందా అని అడిగాను. దానికీ ఆయన నవ్వలేదు. ఆ అమ్మాయి ఎవరో కింద రాస్తే పోలా అని పిల్లాడితో రాయించారు.

అయినా ఊరు ఊరుకుంటుందా? ఊరికే ఎవడైనా ఫోను చేస్తాడా, ఏదో అడుగుతాడు చూడమన్నాడు పక్కపొలం ఆయన. మా ఇంటావిడైతే, ఎవరో చుట్టాలబ్బాయికి మన పిల్లనడగడానికే ఈ మంచితనమంతా అని తేల్చేసింది. ఆమె అన్నాక నాకూ లోపల ఓ పురుగు తొలిచింది.

ఒకసారి సారు మా కల్లానికి వచ్చారు. అడగబోయేది ఇదేనని అందరం చెవులు రిక్కించాం. ఆయన మంచినీళ్ళు అడిగారు. మా దగ్గర సిగ్నల్ అంతంతమాత్రమని విని, పిల్లల పేజీలు ఇక్కడ తెరుచుకుంటాయో లేదో చూడ్డానికి వచ్చారట. పగిలిన ఫోను పట్టుకుని కల్లం అంతా తిరిగారు. వెళ్తూ వెళ్తూ, మూతి విప్పి ఉన్న టిక్కీ చూసి వంగి తాడు కట్టారు. అది ఆయన అలవాటు. పక్కవాళ్ళ పెన్ను మూత తీసి ఉన్నా పెట్టేసేవారు. పేజీ రాసేటప్పుడు తెరిచిన ప్రతి గుర్తునీ మూయాలట, మూయకపోతే కిందిదంతా చెదిరిపోతుందట. "తెరిచింది మూసి లేవండి" అని క్లాసులో రోజూ అనేవారట. ముడి వేసిన తీరు చూసి అడిగితే, వాళ్ళ నాన్న యార్డులో టిక్కీలు మోశాడని చెప్పారు.

ఆయన బస్సెక్కాక పక్కపొలం ఆయన చాలాసేపు ఆలోచించి, "మరి ఎందుకొచ్చినట్టు?" అన్నాడు. ఇప్పటికీ అదే అడుగుతుంటాడు.

సారు భూస్థాపనకి వెళ్ళాం. చర్చి దగ్గర పిల్లలు చాలామంది ఉన్నారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే ముందు వరుసలో వాళ్ళావిడ పక్కన సారు కళ్ళజోడు పెట్టె తెరిచి ఉండటం చూశాను. లేచి వెళ్ళి మూసి వచ్చాను.

నిన్న అమ్మాయి కల్లానికి వచ్చింది. సారు గురించి పిల్లలంతా కలిసి ఒక పేజీ చేశారట. వాళ్ళావిడని అడిగి ఆ పగిలిన ఫోను కూడా తెచ్చింది. "ముందు నీకే నాన్నా" అంది. నీడలోంచి లేచి ఎండలోకి నడిచాను. అక్షరాలు కనపడుతున్నాయి. ఫోటోలో సారు కాలరు ఒకవైపు మడత పడి ఉంది, కళ్ళు సగం మూతపడ్డాయి.

"ఇంతకన్నా మంచిది దొరకలా?"

"దొరికింది నాన్నా. అందులో సారు సారులా లేరు."

కింద ఒక గడి ఉంది, సారుకి ఒక మాట రాయమని. పక్కన మీట. వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను: అమ్మాయికి ఉద్యోగం వచ్చింది సారూ.

అమ్మాయి నా వంకే చూస్తోంది, ఎక్కడికి పోద్దని అడుగుతానని. నేను అడగలేదు. నొక్కాను. పగిలిన అద్దం కింద చిన్న సున్నా ఒకటి తిరగడం మొదలుపెట్టింది. చుట్టూ కాయలు ఎండుతున్నాయి. ఇద్దరం ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, అది తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాం.