ఆదివారం నీళ్లు

పోయినవి ముందు చెబుతాను. కొస మడిలోని తొమ్మిది సాళ్ల గులాబీ మొక్కలు. వాటిని బతికించబోయి సగానికి సగం ఎండిన మిగతా తోట. ఒక ఎకరం పది గుంటల భూమి. ఆ భూమి చేసుకునే మనిషికి తన నేల మీద ఉన్న నమ్మకం. అన్నిటికన్నా బరువు ఆ చివరిది.

స్నేహాన్ని కూడా ఈ లెక్కలో వేయాలని చాలాసార్లు అనుకున్నాను. వేయలేకపోయాను. ఎందుకంటే అది పోలేదు. ఆ మనిషి ఇప్పటికీ నా షాపుకు వస్తాడు. బల్ల మీద కూర్చుంటాడు, చాయ్ తాగుతాడు, "లెక్కలన్న" అని పిలుస్తాడు. ఆ పిలుపు వినబడిన ప్రతిసారీ తలెత్తకుండా బిల్లు పుస్తకం తిరగేస్తాను. స్నేహం కూడా పోయి ఉంటే బాగుండేదేమో.

పద్నాలుగేళ్లుగా ఇది నా లోపలే ఉంది. నా భార్యకు తెలియదు. మీకు ఎందుకు చెబుతున్నానంటే, మీరు నా ఎదుట లేరు. చదువుతుంటే మీ ముఖం ఎలా మారుతుందో నేను చూడక్కర్లేదు. ఇదీ పిరికితనమే. తెలుసు. కానీ ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. బోరు లోతు చెబితే ఎంత మోటరు కావాలో, ఎంత దూరానికి ఎంత లావు పైపు వేయాలో, ఎకరం తడవడానికి ఎంతసేపు పడుతుందో నోటితోనే చెప్పేస్తాను. మొయినాబాద్‌లో మోటర్లు, పైపులు అమ్మే షాపు నాది. వచ్చిన రైతు ధర అడిగే ముందు లెక్క అడుగుతాడు. నేను చెప్పిందాన్ని మళ్లీ ఇంకొకరిని అడగడు. నన్ను అలా నమ్మిన మొదటి మనిషి సామేలు. అది అతని అసలు పేరు కాదు.

చిన్న మంగళారంలో మా ఇద్దరి పొలాలు పక్కపక్కనే ఉండేవి. చెరి సగం డబ్బు వేసుకుని ఒక బోరు వేయించాం. నీళ్లు అతని గట్టు లోపల పడ్డాయి. రెండు పైపులు, రెండు వాల్వులు. ఒకటి తెరిస్తే అతని పొలానికి, ఇంకోటి తెరిస్తే నా పొలానికి. వంతులు నేనే చెప్పాను. సోమ, బుధ, శుక్రవారాలు నావి. మంగళ, గురు, శనివారాలు అతనివి. మిగిలిన ఆదివారం? బోరు పడ్డది అతని భూమిలో కాబట్టి ఆదివారం కూడా అతనికే అన్నాను. అతను అడగలేదు. నేనే అన్నాను. ఆ మాట అన్నప్పుడు పెద్దమనిషిలా అనిపించింది నాకు. ఆ తర్వాత ప్రతి వారం మనసులో నాలుగూ మూడూ అని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ఇచ్చినదాన్ని లోపల ఇవ్వనే లేదన్నమాట.

సామేలుది గులాబీ తోట. ఆదివారం ఉదయం భార్యనూ చిన్న కూతురినీ బండి మీద ఎక్కించుకుని చర్చికి వెళ్లేవాడు. కొస మడి కాస్త పల్లం. మనిషి లేకపోయినా నీళ్లు వాటంతట అవే పారతాయి. అందుకే ఆదివారం వంతును ఆ మడికి పెట్టుకున్నాడు. వెళ్లేముందు తన వాల్వు తెరిచి, స్టార్టర్ ఆటోలో పెట్టేవాడు. అప్పట్లో కరెంటు తొమ్మిదింటికి వచ్చి మూడింటికి పోయేది. మోటరు దానంతట అదే నడిచేది.

ఆ ఎండాకాలం బోరు కొంచెం సన్నబడింది. నేను టమాట వేశాను. ఒక ఆదివారం ఉదయం నా మొక్కలు తలలు వేలాడేసి ఉన్నాయి. పక్కన మోటరు నడుస్తున్న చప్పుడు. అతని బండి రోడ్డెక్కి పోవడం చూశాను. ఒక్క అరగంట అనుకున్నాను. నా వాల్వు తెరిచి, అతనిది మూశాను. అరగంట మూడు గంటలైంది.

తర్వాతి ఆదివారం అరగంట అని కూడా అనుకోలేదు.

అప్పుడు నాకు ఏ ఆలోచన ఉందో ఇప్పుడు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తాను. ఆకలి కాదు. అప్పులవాళ్లు ఇంటి మీదకు రాలేదు. నాలుగూ మూడూ అన్న ఆ లెక్కను సరిచేస్తున్నానని అనుకున్నానా? అలా అనుకుని ఉంటే అతనికి చెప్పే చేసేవాణ్ణి కదా. తొమ్మిదిన్నరకు తిప్పి, పన్నెండున్నరకు మళ్లీ అతని వాల్వు తెరిచేవాణ్ణి. ఎందుకంటే ఒంటిగంటకు అతను వచ్చేసరికి కొస మడి పైన తడి కనిపించాలి. ఇంత జాగ్రత్తగా చేసినవాడు తెలియక చేశాడని ఎవరంటారు? నా టమాట మడి జొన్న చేను అవతల ఉండేది. దారిన పోయేవాళ్లకు కనిపించదు.

ఈస్టర్ నాడు వాళ్లు తెల్లవారకముందే వెళ్లి తొందరగా తిరిగొచ్చారు. నాకు గంటన్నరే దొరికింది. ఆ మధ్యాహ్నం సామేలు భార్య మా ఇంటికి గిన్నె నిండా బిర్యానీ పంపింది. తిన్నాను. బాగుంది. ఆ రోజు నన్ను కలవరపెట్టింది ఏమిటో తెలుసా? తిన్న కూడు కాదు, ఇంకో గంటన్నర దొరకలేదే అన్నది.

కొస మడి మొక్కలు మాడడం మొదలైంది. పెళ్లిళ్ల రోజులు, గులాబీకి మంచి ధర ఉన్న రోజులు. మిగతా మడుల నీళ్లు కోసి కొసకు మళ్లించాడు. అవీ వాడాయి. ఒక మంగళవారం నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నీళ్లు ఏడికి పోతున్నయో సమజైతలేదు. కొస మడి పల్లం గద. ఆడ నీళ్లు నిలువాలె. మొక్కలేమో మాడుతున్నయి. జర నువ్వొచ్చి లెక్కజూడు."

వెళ్లాను. పైపు కింద డ్రమ్ము పెట్టి, గడియారం చూసి, అది నిండడానికి ఎంతసేపు పట్టిందో కొలిచాను. మంగళవారం కదా, నీళ్లు పూర్తిగా వస్తున్నాయి. వారానికి అతని వంతు ఎన్ని గంటలో, అన్ని నీళ్లు ఆ తోటకు చాలుతాయో లేదో పైకి చదువుతూ లెక్క చేశాను. లెక్క ప్రకారం చాలాలి. నా లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఒక్క ఆదివారాలు తప్ప.

"నీళ్లకేం ఫరక్ పడలే తమ్మీ," అన్నాను. "బోరు మంచిగనే పోస్తున్నది."

"మరి?"

"భూమే. కొస మడి కింద మొరం ఉన్నట్టున్నది. నువ్వు పోసిందంత కిందికి దిగిపోతున్నది."

సామేలు కాసేపు ఆ మట్టికేసి చూశాడు. తర్వాత నవ్వాడు.

"మా పాస్టరు గూడ నన్ను గిదే అంటడన్నా. ఎంత వాక్యం పోసినా నీల నిలుస్తలేదు సామేలూ, అని."

నేనూ నవ్వాను. అతని భార్య రాహేలు గట్టు మీద నిలబడి ఉంది.

"మా మామ ఉన్నప్పుడు గీ మడిలనే వరి పండింది," అంది. "మొరం ఉంటె వరి ఎట్ల పండుతదన్నా?"

నేను నోరు తెరిచేలోపే సామేలు ఆమెకేసి తిరిగాడు.

"లెక్కలన్నకు తెల్వదా? నీకు తెలుసా? నువ్వు ఊకో."

ఆమె ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. నీళ్లు దొంగిలించిన రోజుల కన్నా ఆ ఒక్క నిమిషమే ఎక్కువ గుర్తొస్తుంది. సరైన ప్రశ్న అడిగిన మనిషి నోరు నా ఎదుటే మూయించాడు సామేలు, నా పేరు చెప్పి.

వానలు పడేదాకా నేను ఆపలేదు. టమాటకు ఆ ఏడు ఎన్నడూ లేని ధర పలికింది. ఆ డబ్బుతోనే మొయినాబాద్‌లో షాపు పెట్టాను.

సామేలు తోట పీకేశాడు. ఆ తర్వాత ఏ పంట వేసినా సగం మనసుతోనే వేశాడు. రెండేళ్లకు ఫామ్‌హౌస్ కోసం భూమి వెతుకుతూ ఎవరో వచ్చారు. కొస మడి కింద మొరం ఉంది, సాగుకు పనికిరాదు అని సామేలు తనే వాళ్లకు చెప్పాడు. దాచి అమ్మడం తప్పని. వాళ్లు ధర తగ్గించారు. నా అబద్ధాన్ని అతను తన నిజాయితీగా చెప్పి నష్టపోయాడు. ఇప్పుడు మొయినాబాద్‌లోనే కిరాయి ఇంట్లో ఉంటాడు. చందనవెల్లిలో ఒక కంపెనీ గేటు లోపల గడ్డికీ పూల కుండీలకూ నీళ్లు పెడతాడు.

చాలా రోజులు నన్ను నేను ఒక మాటతో ఓదార్చుకున్నాను. ఏమో, నిజంగానే కింద మొరం ఉందేమో. మూడు గంటల నీళ్లకే అంత తోట ఎండుతుందా? కొన్నవాళ్లు ఈత కొలను కోసం కొస మడిలోనే గుంత తవ్వించారు. చూడకుండా ఉండలేకపోయాను. అంచున నిలబడి లోపలికి చూశాను. మనిషి నిలువెత్తు లోతు. పైనుంచి కింద దాకా నల్లటి జిగట మట్టి. చేతిలోకి తీసుకుంటే ముద్దయింది. మొరం పలుకు ఒక్కటి లేదు. అక్కడి నుంచి ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు.

ఇవన్నీ ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, సామేలు కూతురు రూతు పెద్దదైంది. నర్సరీలో పని నేర్చుకుంది. చేవెళ్ల దారిలో రెండెకరాలు కౌలుకు తీసుకుని చామంతి వేస్తానంటోంది. సామేలు ఒప్పుకోలేదు. మన చేతికి భూమి అచ్చిరాదు అన్నాడట. చివరికి తండ్రీ కూతుళ్లు నా షాపుకు వచ్చారు. "పెద్దబాపూ, నువ్వు సరే అంటెనే బాపు ఒప్పుకుంటడట," అంది రూతు. ఆ పిల్ల అప్పట్లో బండి మీద తల్లికీ తండ్రికీ మధ్య కూర్చుని, దారిలో నాకు చెయ్యి ఊపేది.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక రాహేలుతో కలిపి నలుగురం ఆ పొలానికి వెళ్లాం. మళ్లీ డ్రమ్ము, మళ్లీ గడియారం. నీళ్లు బాగున్నాయి. రెండు మూడు చోట్ల గడ్డపారతో తవ్వించి మట్టి చూశాను. మంచి మట్టి.

"మొరం ఉన్నదా అన్నా?" అన్నాడు సామేలు. అతని గొంతులో భయం ఉంది. ఆ భయం అక్కడ పెట్టింది నేనే.

"లేదు," అన్నాను. ఆగలేకపోయాను. "తమ్మీ, మీ పాత భూమిల గూడ లేకుండె."

"గదెట్ల?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు. నాకు తెలుసు. కానీ బయటికి వచ్చిన మాట ఇది:

"నా లెక్క తప్పింది."

సామేలు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"తప్పుతదన్నా. నువ్వు గూడ మనిషివే గద. నేనేమో నిన్ను మిషిన్ అనుకుంటి. గిన్నేండ్లు గది మనసుల పెట్టుకుని తిరిగినవా?"

అతను క్షమించాడు. లెక్క తప్పిన ఎవరో ఒక మనిషిని క్షమించాడు. ఆ మనిషి నేను కాదు. నా లెక్క ఏనాడూ తప్పలేదు. చేయని తప్పు ఒప్పుకుని, చేసిన తప్పును ఇంకో అడుగు లోతుకు పాతేశాను. నేను నిజం చెప్పాలనే నోరు తెరిచానా, ఇంత తేలిగ్గా బయటపడొచ్చనే తెరిచానా? వారం నుంచి నన్ను నేను ఇదే అడుగుతున్నాను. జవాబు తెలిసినట్టే ఉంది, చెప్పుకోవడానికి ఇష్టం లేదు.

రాహేలు మాత్రం నాకేసి చూసి, డ్రమ్ముకేసి చూసి, చెప్పులు వేసుకుని ముందు నడిచింది. ఆమెకు తెలుసా? ఆ వరి మాట అడిగిన రోజు నుంచే తెలుసా?

సామేలు కౌలుకు ఒప్పుకున్నాడు. బండి ఎక్కుతూ ఇంకో మాట అన్నాడు.

"అన్నా, ఆదివారం మేం చర్చికి పోతం. గప్పుడు వాల్వులు మార్చెటోడు ఉండడు. నీకు షాపు బందే గద. జర నువ్వు చూసుకుంటవా?"

చూసుకుంటానన్నాను. ఇంకేమనగలను?

రేపు మొదటి ఆదివారం. వాళ్లు ప్రార్థనలో ఉంటారు. నేను వాళ్ల వాల్వు దగ్గర కూర్చుంటాను. ఒక మడి తడిశాక ఇంకో మడికి తిప్పుతాను. సామేలుకు అసలు మాట చెప్పాలి. చెబుతానో లేదో ఈ నిమిషంలో చెప్పలేను, నా మీద నాకు ఆ నమ్మకం లేదు. మీకైతే చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి ఏమీ కాలేదు.

రేపు పారబోయే నీళ్లను నేను అప్పు తీర్చినట్టు రాసుకోకూడదు. అవి ఆ పిల్ల నీళ్లే. పాతది పాతదే. మొత్తం తొమ్మిది ఆదివారాలు. ఏడింటిలో మూడేసి గంటలు. ఈస్టర్ నాడు గంటన్నర. ఒకనాడు కరెంటు పోయి అరగంటే. ఈ లెక్క ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు, ఎవరికీ చదివి వినిపించలేదు. సామేలుకు నేను ఇవాళ్టికీ బాకీ ఉన్నది ఇరవై మూడు గంటల నీళ్లు.