యాభై ఎనిమిది మిల్లీమీటర్ల పిడి

మాదాపూర్‌లో మా ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది. అక్కడ నలభై ఇద్దరం ఒక పెద్ద ప్రయాణికుల ఓడలో సిబ్బంది ఉండే గదుల డ్రాయింగులు చేస్తాం. ఓడ కట్టేది వేరే దేశంలో. డ్రాయింగుల తనిఖీ నా పని. విశాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇదే పని చేసి రిటైరై, అరవై ఏడో ఏట ఇక్కడ చేరాను. సరిచూసిన ప్రతి కొలత మీదా ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెడతాను. నా సంతకం పడ్డాక ఆ కాగితాన్ని నేను తప్ప ఎవరూ మార్చకూడదు.

మార్చిలో, నమూనా కోసం సెల్లార్‌లో ఒక గదిని అసలు కొలతలతో ప్లైవుడ్‌తో కట్టించారు. ఓడలో అలాంటివి నూట ఎనభై నాలుగు. కట్టింది సంగారెడ్డి వైపు వడ్రంగి, యాభై దాటినవాడు. గది తలుపు లోపలికి, బాత్రూం తలుపు బయటికి తెరుచుకుంటాయి. రెండూ తగులుకుంటాయేమోనని అతను ముందే వచ్చి అడిగాడు. గీసినట్టు కట్టమన్నాను. చెక్క సంగతి నువ్వు చూడు, గీత సంగతి నేను చూస్తాను అని కూడా అన్నాను.

రెండో బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఓడవాళ్లు చూడటానికి రావాలి. ఉదయం పదకొండూ పదికి టేపు, డ్రాయింగు పట్టుకుని లోపలికెళ్లి, గది తలుపు మూశాను. బాత్రూం కొలుచుకుని బయటికి రాబోతే దాని తలుపు సగంలో ఆగింది. పిడి వెళ్లి గది తలుపు పిడి వెనక ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. సందు ఇరవై ఒక్క సెంటీమీటర్లు. నేను పట్టను.

నా కేక విని వచ్చిన వడ్రంగి బయటి నుంచి గది తలుపు నెడితే ఇంకా బిగుసుకుంది. గోడ కోయాలన్నాడు. మా టీమ్ లీడర్, కాకినాడ అమ్మాయి, కిందికి వచ్చి, గోడ కోస్తే వచ్చేవాళ్లకు ఏం చూపిస్తామని అడ్డుపడింది. ప్లైవుడ్ వెనక నుంచి ప్రతి మాటా వినబడుతోంది.

“మేడమ్ చూసిన డ్రాయింగులో తప్పుండదు. నువ్వే ఎక్కడో తేడా కట్టావు. ఇవాళ్టితో నీ పని ఆపెయ్.”

అతను సంచిలో పనిముట్లు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది.

టేపు తీసి కొలిచాను. అతను కట్టినదాంట్లో మిల్లీమీటరు తేడా లేదు. బాత్రూం తలుపు అంచుకీ గది తలుపుకీ మధ్య ఖాళీ యాభై మిల్లీమీటర్లు. దాని మీద నా ఎర్ర టిక్కు. తలుపు మీంచి పిడి పొడుచుకొచ్చిన ఎత్తు యాభై ఎనిమిది. తలుపులు తిరిగే చోటు చూశాను గాని పిడులు లెక్కలోకి తీసుకోలేదు. ఆ సంగతి లోపలున్న నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఉక్కగా ఉంది. పదకొండూ నలభై ఆరు నుంచి యాభై దాకా కమోడ్ మూత మీద కూర్చుని నోరు విప్పలేదు. ఆ నాలుగు నిమిషాల తప్పూ నాదే.

“తప్పు గీతలో ఉంది. సంతకం నాది. అతను ముందే చెప్పాడు,” అన్నాను.

“అవన్నీ బయటికొచ్చాక మాట్లాడుకుందాం మేడమ్. వేరే దారి లేదు, గోడ కోయిస్తాను.”

“అతన్ని పంపించనని చెప్పు. అప్పుడే కోయనిస్తాను.”

చివరికి ఆ అమ్మాయి సరేనంది.

“అమ్మా, జర మూలకు జరుగుండ్రి,” అన్నాడు వడ్రంగి. “ఏడ కొయ్యాల్నో గీత మీరే చెప్పుండ్రి. గీత సంగతి మీదే గద.”

పైపులు తప్పించి కొలతలు చెప్పాను. పన్నెండూ ఇరవైకి మోకాళ్ల మీద పాకుతూ బయటపడ్డాను.

మూడింటికి వచ్చినవాళ్లకు ఆ కంత చూపించి నేనే వివరించాను. సాయంత్రం డ్రాయింగు మార్పుకు కారణం రాసే చోట, ‘పిడి ఎత్తు లెక్కించలేదు; వడ్రంగి ముందే హెచ్చరించాడు’ అని రాసి సంతకం చేశాను. రెండో వాక్యం తీసేయమని టీమ్ లీడర్ రెండుసార్లు అడిగింది. తీయలేదు. గురువారం వడ్రంగి బాత్రూంకి పక్కకు జరిగే తలుపు బిగిస్తుంటే, టేపు రెండో కొస నేను పట్టుకున్నాను.